బల్లార్షాలో చేయించుకున్న రేకు కూలర్: రెండు ఎండాకాలాలు వాడాక

పోయిన ఏడాది హోలీకి పదిరోజుల ముందు మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లా బల్లార్షాలో ఒక దుకాణంలో రేకు కూలర్ చేయించుకున్నాం. డెజర్ట్ కూలర్ అంటారు కదా, అదే. 18 అంగుళాల ఫ్యాను, 80 లీటర్ల టబ్బు, మూడు వైపులా గడ్డి తట్టీలు (సన్నటి చెక్క పీచు కూరిన చట్రాలు, ఆ పీచునే గడ్డి అంటారు), కింద ఇనుప స్టాండు. మొత్తం 7,200 రూపాయలు అయింది. కొన్న వారానికే రాస్తే ఏదైనా బాగానే ఉంటుంది. అందుకే రెండు ఎండాకాలాలు ఆగి, ఇద్దరు మగపిల్లలతో వాడి చూసి ఇప్పుడు రాస్తున్నాను.

దుకాణానికి పేరు బోర్డు లేదు. అందరూ కూలర్ల కాకా దుకాణం అంటారు. కాకా తెలుగాయనే, కొడుకు మాత్రం మరాఠీలోనే మాట్లాడతాడు. రేకు కోయడం దగ్గర్నుంచి రంగు వేయడం దాకా అన్నీ మన కళ్లముందే చేస్తారు. మన కిటికీ కొలత తీసుకుని, దానికి తగ్గట్టు ముందు మూతి కోస్తారు. అంతకుముందు మా దగ్గర పెద్ద కంపెనీ ప్లాస్టిక్ కూలర్ ఉండేది. చూడ్డానికి నాజూగ్గా ఉండేది కానీ మా ఎండకు దాని గాలి మంచం దాకా వచ్చేది కాదు. మూడో ఏడు మోటారు కాలిపోతే ఆ సామాను ఇక్కడ దొరకదన్నారు. కాకా చేసిన దాంట్లో ఏ భాగం పోయినా బజార్లో దొరుకుతుంది. నేను దీన్ని కొనడానికి మొదటి కారణం అదే.

మా ఇంటి సంగతి చెప్తే గానీ ఈ కూలర్ విలువ తెలియదు. కింది వాటా, స్లాబు ఇల్లు. ఒక హాలు, ఒక గది, వంటిల్లు. మా ఆయనది బొగ్గు గనిలో షిఫ్టు డ్యూటీ. రాత్రి షిఫ్టు వారం వస్తే పొద్దున ఎనిమిదిన్నరకు ఇంటికొచ్చి, స్నానం చేసి, ఇంత తిని పదింటికి పడుకుంటాడు. అత్తమ్మ గడ్చిరోలి జిల్లా సిరొంచ నుంచి వచ్చి వర్షాలు పడేదాకా మా దగ్గరే ఉంటుంది. పెద్దోడికి ఎనిమిదేళ్లు, చిన్నోడికి ఐదు. మహారాష్ట్రలో మిగతా చోట్ల జూన్ మధ్యలో బడులు తెరుస్తారు. మా విదర్భలో ఎండల వల్ల ఇంకో వారమన్నా ఆగి తెరుస్తారు. అంటే ఏప్రిల్ నడిమి నుంచి జూన్ ఆఖరి వారం దాకా పొద్దున పదకొండు నుంచి సాయంత్రం ఐదున్నర వరకు ఐదుగురం ఒకే గదిలో ఉంటాం. ఒకరు నిద్రపోవాలి, ఒకరికి మోకాళ్ల నొప్పులు, ఇద్దరికి ఒక్క నిమిషం కాలు నిలవదు.

చంద్రపూర్ వైపు ఎండ గురించి మీరు పేపర్లో చదివే ఉంటారు. మైదాన ప్రాంతంలో 45 డిగ్రీలు తాకితే వాతావరణ శాఖ దాన్ని వడగాలి అంటుంది. మాకు మే నెలలో 45 అంటే మామూలు రోజే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మనం అంటాం. ఇక్కడి మరాఠీ వాళ్లు ఆ కార్తె మొదలైన తొమ్మిది రోజులను నవతపా అంటారు. ఆ తొమ్మిది రోజులు మధ్యాహ్నం వీధిలో కుక్క కూడా కనిపించదు.

డెజర్ట్ కూలర్ సలహా మా మరిదిది. ఫౌజులో ఉన్నాడు, రెండేళ్లు రాజస్థాన్ ఎడారిలో, జైసల్మేర్‌లో చేశాడు. అక్కడ ఇంటింటికీ ఇట్లాంటి రేకు డబ్బానే ఉంటుందట. ఒకసారి ఫోన్లో అన్నాడు: "వదినా, ఎండ అక్కడా ఇక్కడా ఒక్కటే. కానీ ఎడారిల పొద్దుగూకితే ఇసుక జల్దీ చల్లగైతది, ఆరుబయట పండుకుంటే నిద్ర పడ్తది. మీ స్లాబు అట్ల కాదు, పొద్దంత తాగిన ఎండను అర్ధరాత్రి దాక మీ మీదనే గుమ్మరిస్తది." నిజమే. రాత్రి పదకొండింటికి గోడ మీద చెయ్యి పెడితే పొయ్యి మీద పెనంలా ఉంటుంది. మాకు పగటికంటే రాత్రే ఎక్కువ కష్టం. పిల్లలు పక్క మీద పొర్లి పొర్లి, చివరికి బట్టలిప్పేసుకుని గచ్చు మీద పడుకునేవాళ్లు.

కూలర్ పనిచేసే తీరు అత్తమ్మకు నాకంటే ముందే తెలుసు. ఆమె చిన్నప్పుడు సిరొంచలో ఉన్నోళ్ల ఇళ్లలో గుమ్మాలకు వట్టివేళ్ల తడికెలు కట్టి నీళ్లు చల్లేవాళ్లట. ఇదీ అంతే. పంపు నీళ్లను పైకి తోడి గడ్డి మీద కారుస్తుంది, ఫ్యాను బయటి వేడిగాలిని ఆ తడిగడ్డిలోంచి లోపలికి లాగుతుంది. నీళ్లు ఆవిరవుతూ గాలిలోని వేడిని తీసుకుపోతాయి. మట్టికుండలో నీళ్లు చల్లబడేదీ ఇట్లాగే. గాలి ఎంత పొడిగా ఉంటే అంత చల్లదనం. ఏప్రిల్, మే నెలల్లో మా గాలి ఎడారి గాలి లెక్కనే ఉంటుంది. పొద్దున పెట్టిన వడియాలు సాయంత్రానికి గలగలమంటాయి, తడి తువ్వాలు తీగ మీద అరగంటలో బిగుసుకుపోతుంది. అట్లాంటి గాలికి ఈ డబ్బా సరిగ్గా సరిపోతుంది.

లెక్క కావాలంటే మా పెద్దోడి నోటుబుక్కులో ఉంది. గోడకు తగిలించే థర్మామీటర్లు రెండు తెచ్చి, ఒకటి బయట వరండా నీడలో, ఒకటి గదిలో పెట్టాం. సెలవుల్లో రోజూ మూడింటికి రెండూ చూసి రాయడం వాడి పని. మే నెలలో ఒకరోజు బయట 45, లోపల 31. ఇంకోరోజు బయట 46, లోపల 31. వాడికి ఇదొక పెద్ద ఉద్యోగం. మూడు కొట్టే ముందే పెన్సిల్ చెక్కుకుని గుమ్మం దగ్గర నిలబడతాడు. నేను తలుపు ఒక్క నిమిషం తీస్తాను. వాడు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, అంకెను గొణుక్కుంటూ లోపలికి పరుగెత్తుకొస్తాడు.

కానీ మొదటి వారం ఇట్లా లేదు. కూలర్ పెట్టిన మర్నాటి నుంచి గదిలో ఒకటే ఉక్క. ఒళ్లు జిగటగా, నోటుబుక్కుల అట్టలు పైకి లేచి, అగ్గిపుల్ల గీస్తే అంటుకోదు. డబ్బులు బూడిదలో పోశామనుకున్నాను. దుకాణానికి వెళ్లి చెప్తే కాకా కొడుకును పంపకుండా తనే వచ్చాడు. గుమ్మంలో నిలబడి ఒకసారి చూసి, చల్లగాలి పోతుందని నేను మూసిపెట్టిన వెనక కిటికీని బార్లా తెరిచాడు.

"గాలి పోయెటందుకు తొవ్వ లేకపోతె అది కూలర్ కాదు బిడ్డా, ఆవిరి గది అయితది" అన్నాడు.

పావుగంటలో గది మారిపోయింది. ఏసీ ఉన్న ఇళ్లలో చూసి తలుపులు, కిటికీలు మూయడం మనకు అలవాటైంది. దీనికి అది పనికిరాదు. కూలర్ కిటికీకి ఎదురుగా ఇంకో కిటికీయో తలుపో తెరిచి ఉండాల్సిందే. అట్లాంటి దారి లేని గది మీదైతే ఈ కూలర్ కొనొద్దు.

ఇక మా మధ్యాహ్నాలు. పదకొండింటికి నేను టబ్బు నింపి, ముందు పంపు ఒక్కటే వేస్తాను. గడ్డి మొత్తం తడిసేదాకా ఐదు నిమిషాలు ఆగి అప్పుడు ఫ్యాను. ఇది కాకా చెప్పిన పద్ధతి. ముందే ఫ్యాను వేస్తే దుమ్ము, వేడిగాలి మొహాన కొడతాయి. కొత్త గడ్డికి తడి చెక్క వాసన ఒకటి ఉంటుంది, నాలుగైదు రోజులుండి పోతుంది. మా చిన్నోడికి ఆ వాసనంటే ప్రాణం. "అమ్మా, సెలవుల వాసనొస్తుంది" అంటాడు.

ఫ్యాను మొదలవగానే ఇద్దరూ ఫ్యానుకు అడ్డంగా ఉండే జాలి (కమ్మీల తడిక) ముందుకు చేరతారు. "ఆ..." అని గొంతెత్తితే ఆ గొంతు ముక్కలు ముక్కలుగా వణుకుతూ వెనక్కొస్తుంది. చిన్నోడు బాపమ్మను పిలుస్తాడు, మరాఠీలో అంకెలు లెక్కపెడతాడు, పక్కింటి తాయీ (అక్క) తన పిల్లలను తిట్టే తిట్లన్నీ అప్పజెప్తాడు. పెద్దోడు వాణ్ని పక్కకు నెట్టి తన వంతు తీసుకుంటాడు. చొక్కా వెనకవైపు గాలికి బుడగలా ఉబ్బుతుంది, నెత్తిమీద వెంట్రుకలన్నీ నిటారుగా లేస్తాయి. పది నిమిషాలు వదిలేస్తాను. అప్పుడు నేలమీద సుద్దగీత గీస్తాను. గీతకు ఆ పక్క మంచం మీద వాళ్ల బాపు నిద్ర, ఈ పక్క చాప మీద వీళ్లిద్దరు. గీత దాటితే ఆరోజు ముంజలు లేవు.

ముంజలు సిరొంచ నుంచి ఎవరో ఒకరు బస్సులో పంపిస్తారు. అత్తమ్మ గోడకు వీపు ఆనించి కూర్చుని, కాళ్లు కూలర్ వైపు చాపి, బొటనవేలితో పైపొర తీసి ఒక్కొక్కటి ఇద్దరి నోట్లో మార్చి మార్చి పెడుతుంది. ముంజ మధ్యలో నీళ్లు చిమ్మి చిన్నోడి గడ్డం మీదుగా బొడ్డు దాకా కారితే, ఆ తడి మీద గాలి తగిలి వాడు కిలకిలా నవ్వుతాడు. అప్పుడు పెద్దోడు కూడా కావాలని బొడ్డు మీద పోసుకుంటాడు. ముంజలు లేనినాడు జొన్న అంబలో, పన్హా అనే మామిడికాయ పానకమో.

ఈ కూలర్ చప్పుడు ఎక్కువని చాలామంది తప్పుపడతారు. చప్పుడు ఉంది, టీవీ పెంచుకోవాల్సిందే. నాకు మాత్రం అదే వరం. ఇంతకుముందు పిల్లలు గుసగుసలాడినా మా ఆయన ఉలిక్కిపడి లేచేవాడు. నిద్ర చాలకుండా గనికి పంపడమంటే నాకు గుండెల్లో దడ. ఇప్పుడు ఆ హోరులో పిల్లల కొట్లాటలు, అష్టాచెమ్మ గవ్వలు, నా గిన్నెలు అన్నీ కలిసిపోతాయి. ఆయన నాలుగింటి దాకా కదలకుండా పడుకుంటాడు. సాయంత్రం లేచి పిల్లలతో మాట్లాడే ఓపిక ఉంటుంది. పోయినేడు ఎండాకాలం అంతా మా ఆయన ఒక్కసారి కూడా పిల్లల మీద గట్టిగా అరవలేదు. దీన్ని నేను నిద్ర లెక్కలోనే వేసుకుంటాను.

ఇప్పుడు చెప్పబోయేది దయచేసి వదిలేయకుండా చదవండి. మొదటి ఏడాది మే నెలలో ఒక సాయంత్రం పెద్దోడు స్నానం చేసి తడి ఒంటితో వచ్చి కూలర్ మీద చెయ్యి వేశాడు. "అమ్మా" అని చెయ్యి లాక్కున్నాడు. జివ్వుమందట, మోచేయి దాకా పాకిందట. నా కాళ్లు వణికాయి. మెయిన్ కట్టేసి చూస్తే దుకాణం వాళ్లు వేసి ఇచ్చింది రెండు పుల్లల ప్లగ్గు. అంటే రేకు డబ్బాకు ఎర్తింగు లేదు. పంపు వైరు ఒకచోట తొక్క లేచి తడి రేకుకు తగులుతోంది. ఏటా ఎండాకాలం కూలర్ షాకుతో పిల్లలు పోయిన వార్తలు మా జిల్లాల పేపర్లలో చదువుతూనే ఉంటాం. నీళ్లు, ఇనుము, కరెంటు మూడూ ఒకేచోట ఉండే వస్తువు ఇది. దీనికి రెండు పుల్లల ప్లగ్గు వేసి ఇవ్వడం క్షమించరాని తప్పు. వెళ్లి కాకాను గట్టిగానే అడిగాను. ఆయన వాదించలేదు, తల దించుకున్నాడు. అదేరోజు కొడుకు వచ్చి మూడు పుల్లల ప్లగ్గు వేసి, ఎర్తు తీగను రేకుకు బోల్టు పెట్టి బిగించి, పంపు వైరు మార్చి వెళ్లాడు. డబ్బులు తీసుకోలేదు.

మన ప్లగ్గు ఒక్కటే బాగుంటే సరిపోదని మా ఆయన గనిలో పనిచేసే ఎలక్ట్రీషియన్‌ను తీసుకొచ్చాడు. చూస్తే మా గోడ సాకెట్‌కే ఎర్తు తీగ లేదు. మూడో కన్నం ఉత్తదే. అది సరిచేయించి, మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించాం. కరెంటు కాస్త దారి తప్పి మనిషిలోంచి పోబోయినా అది ఠక్కున పడిపోతుంది. కూలర్ ధరలో సగం దాకా ఖర్చయింది. అయినా పిల్లలున్న ఇంట్లో ఇది లేకుండా రేకు కూలర్ నడపొద్దు. నీళ్లు పోసేటప్పుడు స్విచ్చి ఆపడం కాదు, ప్లగ్గే పీకాలి. మా ఇంట్లో నియమం ఏమిటంటే ప్లగ్గు నా చేతిలో కనిపిస్తేనే పిల్లలు బకెట్ ఎత్తాలి.

నీళ్లు బాగా తాగుతుంది. మిట్టమధ్యాహ్నం నాలుగైదు గంటల్లో టబ్బు అడుగుకు వస్తుంది. మాకు కుళాయి రోజు విడిచి రోజు. అందుకని బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు మొక్కలకు మళ్లించి, మంచినీళ్లు దీనికి దాచుకుంటున్నాం. నింపడం పిల్లల వంతు. చిన్నోడు చెంబు, పెద్దోడు చిన్న బకెట్. సగం నీళ్లు టబ్బులో, సగం వాళ్ల మీద. పంపు గరగరమనగానే ఎక్కడున్నా చిన్నోడు "పాణీ సంపలం!" (నీళ్లయిపోయాయి) అని మరాఠీలో అరుస్తూ వస్తాడు. మాకు బోరు నీళ్లు కూడా ఉన్నాయి కానీ అవి పోస్తే గడ్డి మీద తెల్లటి ఉప్పు పేరుకుని గట్టిపడుతుంది, పంపు కన్నాలు మూసుకుపోతాయి. ప్రతి ఆదివారం టబ్బు మొత్తం వంచేసి, అడుగు రుద్ది, కాసేపు ఎండబెట్టి మళ్లీ నింపాలి. డెంగీ దోమ మురికి నీళ్లలో కాదు, ఇట్లా నిలవున్న మంచినీళ్లలోనే గుడ్లు పెడుతుంది.

మిగతా ఖర్చులు చిన్నవి. పంపు ఒకసారి ఆగింది, కాకా కొడుకు బండి మీద వచ్చి పావుగంటలో తీసి కడిగి పెట్టాడు, 50 రూపాయలు. ఏడాదికోసారి మూడు తట్టీల గడ్డి మార్చాలి, 240 అయింది. గడ్డి పాతబడితే బూజు వాసన వస్తుంది. చిన్నోడికి దానితో దగ్గు మొదలైంది, మార్చగానే తగ్గింది. తేనెపట్టు ప్యాడ్లు ఎక్కువ ఏళ్లు వస్తాయంటున్నారు, ధర కూడా ఎక్కువే. నేను ఇంకా గడ్డితోనే ఉన్నాను. కరెంటు లెక్క చూస్తే ఫ్యాను, పంపు కలిపి 200 వాట్ల లోపే. రోజుకు 14 గంటలు నడిపినా మూడు యూనిట్లు దాటదు. టన్నున్నర ఏసీ అయితే రెండు మూడు గంటల్లోనే అంత తింటుంది. కరెంటు పోయినా మా ఇన్వర్టర్ మీద కాసేపు నడుస్తుంది.

ఇక ఎక్కడ చేతులెత్తేస్తుందో కూడా చెప్పాలి. మృగశిర వచ్చి, ఆకాశంలో మబ్బు పట్టి, గాలిలో తేమ చేరగానే దీని పని అయిపోతుంది. పెద్దోడి నోటుబుక్కులో జూన్ నడిమిలో ఒకరోజు బయట 37, లోపల 33 అని ఉంది. ఆ పక్కన వాడే రాసుకున్నాడు, "కూలర్‌కు బాగాలేదు" అని. ఆ పదిహేను ఇరవై రోజులు పంపు ఆపేసి ఉత్త ఫ్యానులా వాడుకుంటాం. మా పిన్ని వాళ్లు ఒడిశా బరంపురంలో ఉంటారు. దీని ఫొటో పంపితే తమకూ ఒకటి చేయించమంది. వద్దన్నాను. సముద్రం దగ్గరి ఊరు, అక్కడి గాలిలో ముందే తడి ఉంటుంది. మే నెలలో కూడా వాళ్లకు ఇది జూన్ కూలరే అవుతుంది. చంద్రపూర్, రాజురా, గడ్చిరోలి, ఇటు ఆదిలాబాద్, మంచిర్యాల వాళ్లయితే నిశ్చింతగా తీసుకోవచ్చు.

ఐదుకు నాలుగు ఇస్తున్నాను. తగ్గించిన ఒకటి ఆ ప్లగ్గుకే. దుకాణంలో ఇప్పుడు చేసే ప్రతి కూలర్‌కూ మూడు పుల్లల ప్లగ్గే వేస్తున్నారు, మొన్న వెళ్లినప్పుడు చూశాను. అయినా మీరు వెళ్తే ఎర్తు తీగ రేకుకు బిగించారో లేదో వంగి మీ కళ్లతో చూసుకోండి. హోలీ లోపే వెళ్లండి. గుడీ పాడ్వా (మన ఉగాది) దాటితే దుకాణం ముందు వరసలో నిలబడాలి, ధర కూడా పెరుగుతుంది.

మొన్న వర్షాలు మొదలయ్యాక దాన్ని విప్పి, గడ్డి తీసి పారేసి, టబ్బు తుడిచి చూస్తే ఒక మూల తుప్పు కనిపించింది. కాకా వచ్చే ఫిబ్రవరిలో తీసుకురమ్మన్నాడు, లోపల తారు పూత మళ్లీ వేస్తాడట. అప్పుడే ముందున్న జాలి కూడా మార్పించాలి. పోయినేడు చిన్నోడు పీట ఎక్కితే గానీ ఫ్యాను దాకా అందేవాడు కాదు. ఈ ఏడు పీట లేకుండానే గడ్డం జాలికి ఆనించి పాడుతున్నాడు. ఆ సందుల్లో వాడి చూపుడువేలు దూరుతుంది, కొలిచి చూశాను. ఇంకా సన్నటి జాలి కావాలి.